జ్వరం దిగిన రోజు

పోయిన అక్టోబరులో వానలు పట్టిన వారానికే నాకు జ్వరం వచ్చింది. తిరుపతి కొర్లగుంటలో మా వీధిలో అప్పటికే ఇద్దరు మంచం పట్టారు. కళ్ళ వెనకాల ఒకటే పీకుడు. రెండో రోజు ఎన్‌ఎస్‌1 అనే రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. డాక్టరు పారాసెటమాల్ ఒక్కటే రాసి, నీళ్ళు బాగా తాగమన్నారు, రోజూ రక్తపరీక్ష చేయించుకోమన్నారు.

అంత చిన్న చీటీ చూసి ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. చుట్టాలు వాట్సాప్‌లో వీడియోలు పంపడం మొదలుపెట్టారు. బొప్పాయి ఆకు రసం తాగితే రాత్రికి రాత్రే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, లక్ష పెరుగుతాయట. అమ్మ చంద్రగిరి నుంచి ఆకులు తెప్పించి, మిక్సీలో వేసి, గుడ్డలో పిండి స్టీలు గ్లాసులో పోసింది. "కళ్ళు మూసుకొని తాగెయ్ నాయనా" అంది. రెండు గుక్కలకే వాంతి అయింది. ఒళ్ళునొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకోమని ఇంకో వీడియో. డెంగీలో ఆ మాత్రతో రక్తస్రావం ముప్పు పెరుగుతుందని అందులో ఒక్క ముక్క లేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానిమీదే.

అయిదో రోజు పొద్దున జ్వరం పూర్తిగా దిగింది. అమ్మ కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. నా భార్య మాత్రం ఫోన్ వదల్లేదు. తను చదువుతున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసింది. డెంగీ ముదిరేది చాలాసార్లు జ్వరం తగ్గాకేనని, అప్పుడు గట్టి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలని అందులో ఉంది. "కడుపులో ఎట్లుంది?" అని అడిగింది. తెల్లవారుజాము నుంచి నొప్పిగానే ఉంది, రసం పడలేదేమో అనుకున్నాను. పది నిమిషాల్లో ఆటో ఎక్కించింది.

రక్తం చిక్కబడిందని, నాళాల్లోంచి నీరు బయటికి ఊరుతోందని చెప్పి సెలైన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు 38 వేలకు పడ్డాయి. రక్తస్రావం లేదు కాబట్టి ఎక్కించాల్సిన పని లేదన్నారు. ఎనిమిదో రోజుకు వాటంతట అవే పెరిగాయి. ఆ రోజుల్లో రసం తాగివుంటే పేరంతా రసానికే పోయేది. ఆ వీడియోల్లో చెప్పినవాళ్ళు కూడా అట్లాగే నమ్మివుంటారు.

ఇంటికొచ్చాక అమ్మ, పాల లెక్క రాసుకునే క్యాలెండరు వెనకాల ఆ లక్షణాలన్నీ కోడలితో పెద్ద అక్షరాల్లో రాయించుకుంది.