నాన్న గుండెలో వైరింగ్ సమస్య

మూడు వారాలుగా నాన్నకి మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. వయసు కదా అని సరిపెట్టుకున్నాం. బాత్రూంలో పడిపోయాక వేలికి ఆక్సీమీటర్ పెడితే పల్స్ 34. మిషన్ పాడైందేమో అని నా వేలికీ పెట్టుకుని చూశాను. బాగానే ఉంది.

ఈసీజీ చూసి డాక్టర్ 'కంప్లీట్ హార్ట్ బ్లాక్' అనగానే స్టెంట్ వేస్తారా అని అడిగాను. బ్లాక్ అంటే రక్తనాళం మూసుకుపోవడమే అనుకున్నా మరి! ఇది కరెంటు గొడవట. పై గదుల్లో పుట్టే సంకేతం కింది గదులకి అస్సలు చేరడం లేదు. పైవి తమ మానాన 80 సార్లు కొట్టుకుంటుంటే, కిందివి సొంతంగా ఎలాగోలా నెట్టుకొస్తున్నాయి. ఆ సొంత లయని నమ్ముకోలేం, ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

బీపీకి వాడే కొన్ని మందుల వల్ల కూడా గుండె ఇలా నెమ్మదిస్తుందని ముందు పాత చీటీలన్నీ చూశారు. నాన్న విషయంలో అది కాదు, వయసుతో ఆ సంకేతాల దారి పాడైంది. ఆ రాత్రికి మెడ దగ్గర సిరలోంచి గుండెకి కరెంటు సంకేతం అందించే తాత్కాలిక తీగ, మర్నాడు ఎడమ కాలర్ బోన్ కింద ఆ పనే చేసే చిన్న మిషన్, పేస్‌మేకర్. మత్తు అక్కడి వరకే ఇచ్చారు. లోపల ఆయన డాక్టర్లతో కబుర్లు, బయట నాకు టెన్షన్.

1958లో స్వీడన్‌లో మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్‌ది కూడా ఇదే సమస్య. ఆ మొదటి మిషన్ కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం మిషన్లు మార్చుకుంటూ 2001 దాకా బతికారు.

కొన్ని వారాలు ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు. ఫోన్ ఎడమ జేబులో పెట్టకూడదు. రెండో దానికే నాన్న అలిగారు.