శిలువ లేని మాట

పొద్దున చాయ్ తాగుతుంటే హైదరాబాద్ నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. పోర్చుగీసు నేర్చుకుంటోంది. "మామా, ఇంగ్లిషుల 'క్రూసేడర్స్' అంటే పోర్చుగీసుల 'క్రుజాదుస్' అంట. మరి తెలుగుల ఏమని రాయాలె?"

గంటసేపు ఆ ఒక్క మాట మీదనే మాట్లాడుకున్నాం. 'క్రుజ్' అంటే శిలువ. 1095లో పోప్ రెండో అర్బన్ పిలుపుతో జెరూసలేం కోసం యుద్ధానికి కదిలిన క్రైస్తవులు బట్టల మీద శిలువ గుర్తు కుట్టుకున్నారు. పేరు అక్కడిదే. 1147లో లిస్బన్ పోర్చుగల్ రాజు చేతికి వచ్చింది కూడా దారిలో ఆగిన క్రూసేడర్ల సాయంతోనే. అదే మాటకు 'అడ్డంగా దాటినది' అని ఇంకో అర్థం ఉంది, అందుకే పోర్చుగీసులో గళ్లనుడికట్టు 'పలావ్రాస్ క్రుజాదాస్'. 1986లో బ్రెజిల్ తన కొత్త డబ్బుకు కూడా 'క్రుజాదు' అనే పేరు పెట్టింది.

ఒక పని కోసం పట్టువదలక కొట్లాడే మనిషి అన్న అర్థం తర్వాత వచ్చింది. ఆ అర్థానికి పోర్చుగీసులో 'అతివిస్త' అన్నా నడుస్తుంది. తెలుగులో 'ఉద్యమకారులు' అని రాయమన్నా.

"గంతేనా? దాంట్ల ఆ పట్టుదల ఏది మామా?"

ఉంది బిడ్డా. ఉద్యమం అంటేనే పూనిక, ప్రయత్నం. 'ఉద్యమేన హి సిధ్యంతి కార్యాణి' అని బళ్లో చదువుకున్నదే. అందులో శిలువ లేదు, కత్తి లేదు.

ఆ మాట అంటుంటే నల్గొండ జిల్లా మర్రిగూడ పక్కన ఉండే మా పెదనాయిన యాదికొచ్చిండు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగింది. ఎవరన్నా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని తెలిసిన రోజు నుంచి గుడ్డసంచిలో బోరునీళ్ల సీసా పెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిండు. ఆ నీళ్లు చూడటానికి ఎంత తేటగా ఉండేవో! సీసా బల్ల మీద పెట్టి, "ఒక్క గుక్క తాగుండ్రి సార్" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. తాగినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఇదంతా పిల్లకు చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. మధ్యాహ్నం మెసేజ్ పెట్టింది: "ఉద్యమకారులు అనే రాసిన మామా."

సాయంత్రం నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు. బిందె పెట్టి, నిండేదాకా అక్కడే నిలబడ్డా. పెదనాయిన ఈ నీళ్లు రెండేళ్లే తాగిండు.