పందుల బాటలు మిగిల్చిన పేర్లు

ఇంగ్లండ్ ఆగ్నేయ మూల, కెంట్ మ్యాపు తెరిస్తే ఊరి పేర్ల తోకలు ఇట్టే కంటబడతాయి: బెనెండెన్, బిడెండెన్, టెంటర్‌డెన్. ఇదంతా ఒకప్పటి వీల్డ్ అడవి. పాత ఇంగ్లీషులో ఏడాదివారీగా రాసిన చరిత్ర, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్, 892 నాటి సంగతులు చెబుతూ దాని పొడవు 120 మైళ్లు, వెడల్పు 30 మైళ్లు అంటుంది.

ఇక్కడ 'డెన్' అంటే అడవిలో పందులు మేసే చోటు. టెంటర్‌డెన్ అంటే థానెట్ వాళ్ల పందుల మేత. థానెట్ ఏమో సముద్రం ఒడ్డున, సుమారు 50 కిలోమీటర్ల అవతల! ఓక్ కాయలు రాలే వేళకు మందల్ని అంత దూరం తోలుకొచ్చేవాళ్లు. ఆ బాటలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి; రెండు వైపులా గట్లు, మధ్యలో గిట్టలకు అరిగి లోతుగా దిగిపోయిన సన్న రోడ్డు.

'హర్స్ట్' అంటే చెట్లున్న గుట్ట. గౌడ్‌హర్స్ట్ అలాంటిదే.

చాలామంది బోల్తా పడేది ఒకచోట. తోకలో 'డెన్' కనబడగానే పందుల మేత అనేస్తారు. లోయ అనే అర్థమున్న 'డెను' కూడా అరిగి అరిగి అదే రూపానికి వచ్చింది. ఇప్పటి స్పెల్లింగ్ నమ్మకుండా, పాత దానపత్రాల్లో ఆ పేరు ఎలా రాశారో చూడాలి.

అన్నట్టు, పక్కనే ఉన్న ఆష్‌డౌన్ ఫారెస్ట్‌లో సగానికి పైగా పొదల బీడే. 'ఫారెస్ట్' అంటే అప్పట్లో చెట్లు కాదు, వేట చట్టం నడిచే నేల.