అరుగుకి తాళం

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్న ఆరు కూడా కాలేదు. ముగ్గు గిన్నె పట్టుకుని వీధి తలుపు తీసేసరికి ముగ్గురు పిల్లలు టేపుతో మా వీధి కొలుస్తున్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. టేపు ఒక కొస మా అరుగు గ్రిల్‌కి ఆనించి, రెండో కొస ఎదురింటి పంతులుగారి గుమ్మం దాకా లాగారు. "పదిహేడడుగుల నాలుగంగుళాలు" అని అబ్బాయి అరిచాడు. పొడుగు జడ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. నన్ను చూసి, "ఆంటీ, ఈ అరుగు మీ ఇంటి లెక్కలోకి వస్తుందా, రోడ్డు లెక్కలోకి వస్తుందా?" అనడిగింది.

ముప్పై ఏళ్ళ నుంచి కాపరం చేస్తున్నాను ఈ ఇంట్లో. ఆ మాట ఎవరూ అడగలేదు. "మాదేనమ్మా" అన్నాను. అన్నాక, అంత గట్టిగా అనక్కర్లేదు కదా అనిపించింది.

ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలట. మెయిన్ రోడ్డుకీ గోదావరి గట్టుకీ మధ్యనున్న పాత వీధుల్లో ఉండేవాళ్ళని అడిగి, ఏది ఎలా బాగుచెయ్యచ్చో బొమ్మ గీసి చూపించడం వాళ్ళ ప్రాజెక్టు. సాయంత్రం నాలుగింటికి గుడి మండపంలో అందరూ కూర్చుని మాట్లాడుకుందాం, తప్పకుండా రండి అన్నారు. ముగ్గేసుకోవాలంటే టేపు తల మీదకెత్తి పట్టుకుని నిలబడ్డారు, పాపం. నాలుగు చుక్కలతో సరిపెట్టేశాను.

మా అత్తగారు కాపరానికొచ్చిన కొత్తలో అరుగెక్కడానికి మూడు మెట్లుండేవట. నేనొచ్చేసరికి రెండు. ఇప్పుడు ఒకటే, అదీ సగం. అరుగు ఎక్కడికీ కుంగలేదు, రోడ్డే లేచింది. పాతది చెక్కి తియ్యకుండా దాని నెత్తి మీదే కొత్త పొర పోసుకుంటూ పోతే పోసిన ప్రతిసారీ బెత్తెడు పెరుగుతుంది. పెద్దవానొస్తే నీళ్ళకి కాలవకన్నా మా వసారానే పల్లం. గోదావరి నిండుగా ఉన్నప్పుడైతే ఊరి మురుగు నదిలోకి దిగే దారుండదు, వెనక్కి తన్నుతుంది. పంతులుగారిల్లు మాకన్నా పల్లం. ఆయన గుమ్మానికి అడ్డంగా రెండు వరసల ఇటికలతో కట్ట కట్టించుకుని, రోజూ పంచె ఎత్తిపట్టుకుని దాన్ని దాటుతారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి.

పొడుగు జడ అమ్మాయి వెళ్ళకుండా గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టి అరుగు తడుముతోంది. ఏమిటా అని చూస్తే, ఎర్ర గచ్చు మీద ఎప్పుడో చెక్కిన గీతల్ని వేలితో వెతుక్కుంటోంది. త్రికోణం, దానికి అడ్డగీతలు. "ఇదేంటాంటీ?" అంది. పులిమేక ఆట గళ్ళు. మావగారి తండ్రిగారి హయాంలో చెక్కినవట. పిక్కలు పెట్టీ పెట్టీ గీతలు కలిసిన ప్రతిచోటా చిన్న గుంట పడింది, వేలికొస సరిగ్గా అందులో కూర్చుంటుంది. ఆ గుంటల్లో ఇప్పుడు దుమ్ము, ఒక చచ్చిన కందిరీగ ఉన్నాయి. "గట్టుకి స్నానానికెళ్ళేవాళ్ళు, సంతకొచ్చినవాళ్ళు, ఎవరో ఊరూపేరూ తెలీని వాళ్ళు కూడా ఇక్కడే కూర్చుని ఆడేవాళ్ళట" అని చెప్పాను. "మరి గ్రిల్ ఎప్పుడు పెట్టారు?" అంది.

2012లో. నేనే పెట్టించాను. రాత్రి పదయ్యేసరికి ఎవరో ఒకరొచ్చి పడుకునేవాడు, సిగరెట్ ముక్కలు, ఓసారి పొద్దున్నే తలుపు తీస్తే సీసా దొర్లింది. మావాడికి పదో తరగతి పరీక్షలు. మావగారు వద్దన్నారు. "అరుగు మనం కట్టుకున్నదే కానీ మన కోసం కట్టుకున్నది కాదమ్మా" అన్నారు. ఆయనకేం, రాత్రి ఎనిమిదింటికే నిద్రపోయేవారు. పిల్లకి మాత్రం "గుర్తులేదమ్మా" అని అబద్ధం చెప్పాను.

పదకొండింటికి జాకెట్టు లైనింగుల కోసం మెయిన్ రోడ్డు మీదకెళ్ళాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది కానీ, ఎండ మరీ ఇంత తొందరగా రావాలా? పెళ్ళిళ్ళ రోజులు, రోడ్డంతా కోనసీమ జనమే. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా విడిపోతే, ఆ పాయల మధ్య ఊళ్ళన్నీ పెళ్ళి బట్టలకి మా రాజమండ్రికే కలుస్తాయి. (2015 నుంచి కాగితాల మీద రాజమహేంద్రవరం, నోటికి ఇప్పటికీ రాజమండ్రే.) కోటిపల్లి బస్టాండులో దిగి, సంచులు మోసుకుంటూ దుకాణం దుకాణం తిరుగుతారు. ఒక్కచోట కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. లైనింగు షాపు దగ్గర ఒకావిడ ఐదారేళ్ళ పిల్లని పట్టుకుని, గొంతు తగ్గించి, "ఏవండీ, దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడైనా ఉందాండి?" అనడిగింది. పిల్ల కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడింది. నేను చెప్పగలిగిన చోటు ఒకటే. ఇంటికి తీసుకొచ్చాను. వెళ్ళేటప్పుడు ఆవిడ అరుగు చూసి, "ఇక్కడ రెండు నిమిషాలు కూర్చుని వెళ్తామండి, కాళ్ళు లాగేస్తున్నాయి" అంది. తాళంచెవి ఎక్కడుందో నాకు గుర్తురాలేదు. లోపల కుర్చీ వేశాను.

వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు సందు మొదట్లో అబ్బాయి సుద్దముక్క పట్టుకుని వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని కనిపించాడు. గంటకోసారి చెట్టు నీడ అంచు వెంట రోడ్డు మీద గీత గీస్తున్నాడు. ఎనిమిదింటి నీడ గోదావరి వైపు, పన్నెండింటికి చెట్టు మొదట్లోకి ముడుచుకుంది. నీడ ఎక్కడుంటే అక్కడ బెంచీ వెయ్యాలి కదా ఆంటీ అన్నాడు. మంచి ఆలోచనే. కానీ ఆ గీతల మధ్యలోనే మా పూలమ్మాయి గోనెపట్టా వేసుకుని కూర్చుంది. పొద్దున్న చెట్టుకి అవతల, మధ్యాహ్నం మొదట్లో, సాయంత్రం మెయిన్ రోడ్డు వైపు. పధ్నాలుగేళ్ళుగా రోజూ అంతే. ఆవిణ్ణి అడిగితే వేసవి నీడ, చలికాలం నీడ కూడా చెప్పేది, సుద్ద ఖర్చు లేకుండా.

అడిగారు కూడా, కానీ వాళ్ళ ఫారంలో రెండో గడి ఇంటి నంబరు. ఆవిడది కడియపులంక. తెల్లారుజామున అక్కడి మార్కెట్లో పూలెత్తుకుని ఆటోలో వస్తుంది, రాత్రి ఏడింటికి పోతుంది. ఈ వీధిలో రోజుకి పన్నెండు గంటలు కూర్చునే మనిషి ఆవిడొక్కతే. నేనైనా పూటకి పది నిమిషాలు గుమ్మంలో నిలబడితే ఎక్కువ. అయినా వీధివాళ్ళ లెక్కలో నేనున్నాను, ఆవిడ లేదు. రెండో అమ్మాయి, కళ్ళజోడు పిల్ల, కాసేపు ఆలోచించి ఆ గడిలో 'వేపచెట్టు' అని రాసింది. ఆ పిల్ల బాగుపడుతుంది.

మీటింగుకి ఇరవై మంది దాకా వచ్చాం. మండపం స్తంభాలకి చార్టులు కట్టారు. నచ్చినదానికి పచ్చ స్టిక్కరు, నచ్చనిదానికి ఎర్రది అంటించాలి. మూలింటి మామ్మగారు పచ్చ స్టిక్కరు తీసుకెళ్ళి మ్యాపులో తన ఇంటి మీద అంటించి వచ్చేసింది. ఎంత చెప్పినా తియ్యనివ్వలేదు.

బెంచీలు కావాలా అంటే అందరూ చేతులెత్తారు. ఎక్కడ వేద్దాం అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. మా గుమ్మం ముందు వద్దు, కారు పెట్టుకోవాలి. మా కిటికీ కింద వద్దు, కుర్రాళ్ళు చేరతారు. నేను బాత్రూమ్ సంగతెత్తాను. అవునవును, ఆడవాళ్ళకి చాలా ఇబ్బంది, తప్పకుండా కావాలి అన్నారు. "పోనీ మీ గోడ పక్కన ఖాళీ ఉంది కదండీ" అని పక్కింటాయన నన్నే అడిగాడు. నోరు మూసుకుని కూర్చున్నాను.

అబ్బాయి ఉత్సాహంగా ఇంకో చార్టు విప్పాడు. మా వీధి చివర్నించి గట్టు మీదుగా హావ్‌లాక్ వంతెన దాకా నడకదారి. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన. దాన్ని షికారుకి ఉపయోగపడేలా చేస్తారన్న మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. బొమ్మ మాత్రం ముచ్చటగా గీశాడు, సూర్యాస్తమయంతో సహా. పంతులుగారు కళ్ళజోడు సర్దుకుని అంతా చూసి, "బాగుంది నాయనా. ఆ వంతెన దాకా వెళ్ళాలంటే నేను ముందు మా ఇటికల కట్ట దాటాలి. దాని సంగతేమన్నా గీశావా?" అన్నారు. మిగిలినవాళ్ళం నవ్వాం. అబ్బాయి నవ్వలేదు. పెన్సిలు తీసి చార్టు మీద మా ఇళ్ళ దగ్గర 'పాత రోడ్డు చెక్కాలి' అని రాసుకున్నాడు.

పంతులుగారికి అవకాశమిస్తే ఆగరు. 1890లో వీరేశలింగం పంతులుగారు ఈ ఊళ్ళో టౌన్ హాలు కట్టించిన దగ్గర్నుంచి మొదలెట్టారు. జనం కూర్చుని మాట్లాడుకునే చోటు లేకపోతే ఊరు ఊరే కాదని మా ఎదురింటి పంతులుగారి వాదన. ఆ తర్వాత 74వ రాజ్యాంగ సవరణ. 1992లో చేసిన ఆ సవరణ ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలట. అంటే మనల్ని అడగడం ఎవరి దయా కాదు, రాజ్యాంగంలో రాసుకున్నదే అని ఆయన చెప్తుంటే, వెనక ఎవరో "కాఫీ ఎప్పుడండీ" అన్నారు.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు కదా, అప్పటికి వీధి ఎలా ఉండాలి అని కళ్ళజోడు పిల్ల అడిగింది. రంగులు, లైట్లు, ఊరి పేరు పెద్దక్షరాల్లో పెట్టి ఫొటోలు దిగే చోటు, ఇలా తలా ఒకటి చెప్పారు. అప్పుడు గట్టు వైపు ఇంటాయన, ఎప్పుడూ మాట్లాడని మనిషి, "ఏం కట్టినా మనిషి బయటికెళ్ళే దారికి అడ్డం కట్టకండి" అన్నాడు. 2015 జులై 14 పొద్దున్న పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. నాకైతే ఇంకోటి కూడా అనిపిస్తుంది. పన్నెండు రోజుల జనాన్ని చూసుకుని వీధి కట్టుకుంటాం, పన్నెండేళ్ళు మనమే అందులో ఉండాలి. అది పైకి అనలేదు. బాత్రూమ్ దెబ్బ ఇంకా తగ్గలేదు.

పూలమ్మాయి తట్ట పక్కింటావిడకి అప్పజెప్పి ఐదు నిమిషాలకని వచ్చింది. వేపచెట్టు చుట్టూ గుండ్రంగా సిమెంటు గట్టు, దాని మీద జనం కూర్చున్నట్టు గీసిన బొమ్మ చూపించారు. ఆవిడ చాలాసేపు చూసింది. "బాగుందమ్మా. కానీ ఈ గట్టు మీద సాయంత్రం కూర్చునేది మగాళ్ళే. మగాళ్ళు వరసగా కూర్చున్న చోటికి ఆడాళ్ళు పూలకి రారు" అంది. ఇంకోటి కూడా చెప్పింది. చెట్టు మొదలు దాకా ఇప్పటికే సిమెంటు పోసేశారు, నీళ్ళు దిగడం లేదు, రెండేళ్ళ నుంచి ఈశాన్యం కొమ్మ ఎండుతోంది, ఆ కొమ్మ పోతే మధ్యాహ్నం నీడ పోయినట్టే. ముప్పై ఏళ్ళుగా ఆ చెట్టు కిందనుంచి నడుస్తున్నాను, నేను చూడలేదు.

పొడుగు జడ అమ్మాయి ఆవిడకి 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం గురించి చెప్పింది. వీధి వ్యాపారుల సంగతి చూసే ఊరి కమిటీలో నూటికి నలభై వంతులకి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి అని. పూలమ్మాయి అంతా విని, "ఆయ్, మంచిదేనమ్మా. ఆ కమిటీ ఏ టైముకి కూర్చుంటాది? సాయంత్రమైతే నా బేరం పోద్ది" అంది. సమాధానం వినకుండానే వెళ్ళిపోయింది, తట్ట దగ్గర ఎవరో నిలబడ్డారు.

చివర్లో పిల్లలు స్టిక్కర్లు లెక్కపెట్టారు. సీసీ కెమెరాలకి ఎక్కువ పచ్చవి. బెంచీల మీద పచ్చ, ఎర్ర రెండూ కిక్కిరిసిపోయి బొమ్మే కనిపించడం లేదు. పొడుగు జడ అమ్మాయి చార్టు చుడుతూ నా వైపు తిరిగి, "ఈ వీధిలో ఇరవై ఆరు అరుగులున్నాయాంటీ. పధ్నాలుగిటికి గ్రిల్స్, ఏడు పగలగొట్టి బండికి ర్యాంపు చేశారు. ఐదు తెరిచున్నాయి" అంది. అంతే అంది. నన్నేమీ అడగలేదు.

రాత్రి భోజనాలయ్యాక మా ఆయన్ని అరుగు తాళంచెవి ఎక్కడుందండీ అనడిగాను. దేవుడి గూట్లో వెతికితే పాత రైలు పాస్ కింద దొరికింది. తాళం తిరగలేదు. కొబ్బరినూనె నాలుగు చుక్కలేసి, కాసేపాగి, గుడ్డతో పట్టుకుని తిప్పితే కిర్రుమంది. గ్రిల్ తలుపు మాత్రం మూరెడే తెరుచుకుంది. వెనక పాత కూలరు, మావాడి చిన్నప్పటి సైకిలు, మూడు పగిలిన పూలకుండీలు అడ్డం.

"గ్రిల్ తీయించేద్దామా ఏమిటి?" అన్నారాయన, నవ్వుతున్నారో సీరియస్సో తెలీకుండా. రాత్రి పదింటికి ఎవరైనా వచ్చి పడుకుంటే ఏం చెయ్యాలో నాకిప్పటికీ తెలీదు. "ముందు కూలరు సంగతి చూద్దాం లెండి" అన్నాను. పాత ఇనప సామాను బండి శనివారం వస్తుంది. మోటారుతో కలిపి ఇస్తే కాస్త ఎక్కువే ఇస్తాడేమో.