మారతహళ్లి వంటింట్లో అల్లం బీరు

నేను చేద్దామనుకున్నది అసలైన బార్లీ బీరే. బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక మైక్రోబ్రూవరీలో (అక్కడికక్కడే బీరు తయారు చేసి పోసే చోటు) అద్దం వెనక నిలబెట్టిన పెద్ద పెద్ద ట్యాంకులు చూసి మోజు పుట్టింది. "ఏంట్రా, సారా కాస్తావా?" అన్నాడు రూమ్మేట్. వాడు ఎగతాళికే అన్నాడు గానీ, తీరా చూస్తే 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదు. మాది అద్దె ఇల్లు, పై అంతస్తులో ఓనర్ గారు. ఆ టెన్షన్ మనకెందుకని అల్లం బీరుకి దిగాను. పేరుకే బీరు. అసలు బీరులో వేసే మాల్టూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్సూ (చేదు కోసం వేసే పూలు) ఏమీ ఉండవు. పులిసి నురగొచ్చిన అల్లం సోడా అనుకోండి. ఎక్కువ రోజులు వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఆల్కహాల్ కూడా నామమాత్రమే.

పెరుగుకి లాగే దీనికీ తోడు కావాలి. గాజు సీసాలో రెండు కప్పుల నీళ్లు పోసి, రోజూ ఒక చెంచా అల్లం తురుము, ఒక చెంచా పంచదార వేసి కలపాలి. పైన పల్చటి గుడ్డ కట్టాలి. అల్లం చెక్కు తీయకూడదు, మనకి కావలసిన ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, ఉండేది దాని మీదే. నాలుగు రోజులైనా ఒక్క బుడగ లేదు. అమ్మకి ఫోన్ చేస్తే, "డిసెంబరులో నీకక్కడ దోసెల పిండే పులవదంటావు, ఇదెలా పులుస్తుందిరా? వెచ్చగా ఉన్నచోట పెట్టు" అంది. ఒంగోలులో అయితే రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది మరి! సీసాని ఫ్రిజ్ వెనక వెచ్చదనానికి జరిపాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందని, కాచి చల్లార్చిన నీళ్లకి మారాను. ఏడో రోజు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా చిటపటలు. ఆ సంతోషం జీతం మెసేజ్‌కి కూడా రాలేదు.

రెండు లీటర్ల నీళ్లలో వంద గ్రాముల అల్లం, రెండు వందల గ్రాముల పంచదార వేసి మరిగించి, నిమ్మరసం పిండాను. చల్లారేదాకా ఆగలేక, వేడిగా ఉండగానే అరకప్పు తోడు వడకట్టి పోసేశాను. ఈస్ట్ చచ్చిపోయింది. మూడు రోజుల తర్వాత మూత తీస్తే ఉత్త అల్లం పానకం.

రెండోసారి పూర్తిగా చల్లార్చాను. ఈసారి పాత జ్యూస్ సీసాల్లో నింపి, మూతలు గట్టిగా బిగించాను. అదీ తప్పే. ఈస్ట్ పంచదార తిని గ్యాస్ వదులుతూనే ఉంటుంది, దానికి బయటికి దారి లేదు. మూడో రాత్రి ఢామ్మని పేలింది. సింకు నిండా గాజు ముక్కలు, గోడంతా జిగురు. గోలీసోడా సీసా గాజు అంత మందంగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది. ఎవరూ దగ్గర లేరు కాబట్టి సరిపోయింది.

మూడోసారి అన్నీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలే. రోజూ పొద్దున్నా సాయంత్రం నొక్కి చూడటం, రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి. రెండున్నర రోజులు పట్టింది. మూత తిప్పగానే బుస్సుమంది. ఘాటు గొంతులో దిగబడి, వెనకే తీపి, చివర్లో కొంచెం పులుపు. మైక్రోబ్రూవరీ బీరుతో పోలికే లేదు, కానీ రూమ్మేట్ రెండో గ్లాసు అడిగాడు.

సంక్రాంతికి ఊరెళ్తూ తోడుని ఫ్రిజ్‌లో పెట్టి, వారానికోసారి చెంచా పంచదార వెయ్యమని వాడికి అప్పజెప్పాను. రోజూ వేశాడట, "పాపం ఆకలేస్తుందేమోనని."