అయిదు లీటర్ల డబ్బా

మొన్న శుక్రవారం బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. గ్యాంగ్లియోన్యూరోమా అట, నరాల కణాల్లోంచి పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు, కీమో అక్కర్లేదు. హమ్మయ్య.

నడుం నొప్పికి స్కాన్ తీయిస్తే రాయి దొరకలేదు గానీ కుడి కిడ్నీ నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథిలో 5 సెంటీమీటర్ల గడ్డ కనపడింది. సీటీ కూడా అయింది. సర్జన్ గారేమో "ఫియో కాదని తేలాకే కత్తి పడతా" అన్నారు. ఫియోక్రోమోసైటోమా కూడా అక్కడే వచ్చే గడ్డ, తెలీకుండా కదిలిస్తే ఆపరేషన్ టేబుల్ మీదే బీపీ ఆకాశానికి పోతుందట. అది తేల్చడానికి 24 గంటల యూరిన్‌లో మెటానెఫ్రిన్స్, అంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగాక మిగిలేవి, ఎన్నున్నాయో చూడాలి.

ఇక్కడే నా పరువు పోయింది. ల్యాబ్‌లో 5 లీటర్ల తెల్ల డబ్బా చేతిలో పెట్టారు, అడుగున కాస్త యాసిడ్, "రేపు తీస్కరా అన్నా" అంతే, ఇంకో ముక్క చెప్పలేదు. నేను పొద్దున లేవగానే మొదలుపెట్టి మర్నాటి దాకా అన్నీ పట్టేసి, బట్టల షాపు సంచిలో పెట్టుకుని సిటీ బస్సెక్కా. బ్రేక్ వేసినప్పుడల్లా లోపల గుడుగుడు. పక్కాయన "పాలా?" అన్నాడు. తలూపాను, ఏం చెప్పమంటారు.

కౌంటర్ దగ్గర పెడితే ఆ అమ్మాయి వెనక లైనంతా వినపడేలా "మొదటి రోజు లేవంగనే పోసింది పారబోశిండ్రా లేదా?" అంది. లేదన్నా. "అయితే ఇది నడ్వదు, మళ్ళ పట్టుకురండి." ఎవరైనా చెప్తేగా పారబోయడానికి! వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్త డబ్బా పట్టుకుని తల దించుకుని బయటికొచ్చా. జీతాలు తీసుకుంటూ ఒక చీటీ మీద నాలుగు లైన్లు రాసివ్వలేరు వీళ్ళు.

కాబట్టి నేనే చెప్తున్నా. మొదటి రోజు లేవగానే వచ్చేది పారబోసి టైము రాసుకోండి, అక్కణ్ణుంచి ప్రతీదీ పట్టాలి, మర్నాడు అదే టైముకి వచ్చేది ఆఖరుది. నేరుగా డబ్బాలోకి పోయొద్దు, యాసిడ్ చిందుతుంది, మగ్గుతో పోయండి. వాడే మందులన్నీ ముందే డాక్టరుకి చెప్పండి, కొన్ని ఈ టెస్టుని తప్పుదారి పట్టిస్తాయి. డబ్బా చల్లగా ఉంచాలన్నారు, మా అమ్మ మాత్రం ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా నిలబడింది, "గోంగూర పచ్చడి పక్కన అదా!" అని. చివరికి ఐసు ముక్కల బకెట్‌లో పెట్టి బాత్‌రూమ్‌లో ఉంచాం.

రెండోసారి తీసుకున్నారు, నార్మల్ వచ్చింది. ల్యాప్రోస్కోపీలో గడ్డ తీసేశారు, మూడో రోజు ఇంటికి పంపేశారు.

ఈలోపు మా బావ నెట్‌లో న్యూరోబ్లాస్టోమా అని చదివి రాత్రి పదకొండింటికి ఫార్వర్డ్ చేశాడు. అది ఎక్కువగా పసిపిల్లల్లో వచ్చే క్యాన్సర్ బావా, నాకు ముప్పై నాలుగు. రిపోర్టులో పక్వమైన కణాలే ఉన్నాయని, అంటే క్యాన్సర్ కాదని రాశారు, ఫోటో తీసి ఆయనకే పంపా, ఇంతవరకూ రిప్లై లేదు.