రుమాలులో కట్టిన మినా, కోతల పండుగ లెక్క

తలాంతు అనగానే మనకు పాటలు పాడే వరం, వాయిద్యాలు వాయించే వరం గుర్తొస్తాయి. బైబిల్లో మత్తయి 25లో యేసు చెప్పిన ఉపమానంలోని తలాంతు మాత్రం అచ్చంగా డబ్బే: యజమాని ప్రయాణమై పోతూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున అప్పగించాడు. ఒక తలాంతుకు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. చిత్తూరు పక్కన మామిడి తోటలో రోజుకు 500 రూపాయలు అనుకుంటే ఒక్క తలాంతే 30 లక్షలు! ఏడాదికి 300 రోజులు పనికి పోయినా 20 ఏళ్ల కష్టం. మూడో దాసుడికి ఇచ్చింది తక్కువేమీ కాదు.

లూకా 19లో ఇలాంటి ఉపమానమే ఉంది, లెక్క వేరు. పదిమంది దాసులకు తలా ఒక మినా, అంటే 100 రోజుల కూలి. పెట్టుబడి సమానం కాబట్టి ఫలితాన్ని బట్టి ఒకరికి పది పట్టణాలు, ఒకరికి ఐదు. మత్తయిలోనైతే చేతికిచ్చిందే వేరువేరు. అందుకే ఐదును పది చేసినవాడికీ, రెండును నాలుగు చేసినవాడికీ ఒకటే మెప్పు: "భళా, నమ్మకమైన మంచి దాసుడా". ఆ తర్వాత దొరికేది విశ్రాంతి కాదు. ఇంకా పెద్ద బాధ్యత, యజమాని సంతోషంలో పాలు. "కానుకగా వెయ్యి వేస్తే పదివేలై వస్తుంది" అని ఈ భాగం మీద చెప్పే బోధ నాకు మింగుడుపడదు. ఆ దాసుల్లో ఎవరూ సొంత సొమ్ము పెట్టలేదు కదా.

మూడోవాడు దొంగిలించనూ లేదు. భూమిలో దాచాడు, లూకాలోనైతే రుమాలులో కట్టి పెట్టాడు. కనీసం సాహుకారుల దగ్గర ఉంచాల్సిందని యజమాని అడిగాడు. అప్పగించిన సొమ్ముకు సరైన లెక్క లేని ఆ రుమాలు మన క్రైస్తవ సంఘాల్లో ఎక్కువగా కనిపించేది, పంట కానుకలు తెచ్చి వేలం వేసే కోతల పండుగ తర్వాతే.

బలిపీఠం ముందు చెనక్కాయల మూట, బెల్లం దిమ్మెలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన నాటుకోడి. వేలంపాటలో ఒక టెంకాయ భక్తితో 800 దాకా పోతుంది. పాడినాయన 200 చేతిలో పెట్టి "మిగతాది జీతం వచ్చినాక ఇస్తానయ్యా" అంటాడు. తప్పు అక్కడ లేదు. ఆ 800నూ ఆదాయంగా రాసి మైకులో మొత్తం చదివేయడంలో ఉంది. మూడు నెలలకు పుస్తకానికీ పెట్టెకీ పొంతన కుదరదు, అనుమానం ట్రెజరర్ మీద పడుతుంది.

కాబట్టి వేలం పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: వస్తువు, పాడినవారు, పాట మొత్తం, చేతికొచ్చింది. ఆదాయం కింద రాసేది చివరి గడి మాత్రమే. పచ్చి చెనక్కాయలు మూటలో ఒక్కరోజు ఆగినా వేడెక్కి బూజు పడతాయి, అవే ముందు పాట పెట్టాలి.

కానుక లెక్క ఆరాధన అయిన వెంటనే, గుడిలోనే, ఇద్దరు కూర్చుని చెయ్యాలి. భార్యాభర్తలను ఇద్దరుగా లెక్కపెట్టొద్దు. కానుక కవర్ల మీద రాసిన మొత్తం, లోపలున్న మొత్తం సరిచూసి, తేడా ఉంటే కవరు పారెయ్యకుండా చీటీకి కుట్టండి. ఏ నోట్లు ఎన్నో, చిల్లర ఎంతో చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. సోమవారం ఉన్నదున్నట్టు బ్యాంకులో కట్టండి. ఎక్కువ లెక్కలు చెడేది ఇక్కడే: కరెంటు బిల్లు అర్జెంటని ఆ డబ్బులోంచే కట్టేస్తారు, బిల్లు ఎవరి జేబులోనో ఉండిపోతుంది. ఫోన్‌పే స్కానర్ కూడా సంఘం ఖాతాదే ఉండాలి, పాస్టరు అయ్యగారి సొంత నంబరు కాదు. ఆయన పేరు కాపాడేదీ అదే. యెరూషలేము పరిశుద్ధుల (అక్కడి విశ్వాసుల) కోసం వసూలైన చందా విషయంలో, ఎవరూ తప్పు పట్టకుండా పౌలు ఇతర సహోదరులను కూడా పంపాడు (2 కొరింథీ 8:18–21). అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అవమానం ఎలా అవుతుంది?

పాట బాకీల పేర్లు మాత్రం ఆరాధనలో చదవకండి. ఇంటికి వెళ్లి నెమ్మదిగా అడగండి. నిజంగా ఇవ్వలేనివాళ్లదైతే కమిటీ మినిట్స్‌లో రాసి ఆ బాకీ కొట్టేయండి.